నడిచేవాళ్ల పేర్లు అడగకండి, మా పేర్లు తీసుకోండి

ట్రాన్స్‌జెండర్ల సంక్షేమం చూసే రాష్ట్ర మంత్రి గారికి,

నల్లగొండ నుంచి నమస్కారాలు.

నేను జిరాక్స్ షాపు నడుపుకునే మనిషిని. బస్టాండుకు నడిచిపోయే దూరంలో రెండు మిషన్లు, ఒక లామినేషన్ డబ్బా, ఇంతే నా ఆస్తి. ఆదివారాలు, సెలవులు దొరికినప్పుడు ఇంకో పని చేస్తా. నల్లగొండ, పాలమూరు వైపు ఎల్జీబీటీక్యూ వాళ్లు, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు లాంటివాళ్లు పెట్టుకునే చిన్న చిన్న కార్యక్రమాలకు వాలంటీరుగా నిలబడతా. తాడు పట్టుకోవడం, నీళ్ల ప్యాకెట్లు పంచడం, మైకు వైరు ఎవరి కాళ్లకూ చుట్టుకోకుండా చూడటం లాంటివి. మా ఇంట్లో తమ్ముడిగా పుట్టిన మనిషి ఇప్పుడు మాకు చెల్లె. అట్లా వచ్చా ఇందులోకి. ఈ మాట కూడా ఆమెను అడిగి, సరే అన్నాకే రాస్తున్నా.

ఈ చలికాలం మేం ఒక ప్రైడ్ వాక్, అంటే మావాళ్లు తలెత్తుకుని వీధిలో కలిసి నడిచే ఊరేగింపు, పెట్టుకుందామనుకున్నాం. మొత్తం దూరం కిలోమీటరున్నర కూడా ఉండదు. అనుమతి కోసం ఒక ఆఫీసుకు దరఖాస్తు పట్టుకుని పోయాం. అక్కడ ఎవరూ కసురుకోలేదు, ఆ మాట చెప్పాలి. కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. తర్వాత రెండు షరతులు చెప్పారు. వాలంటీర్లందరూ మర్యాదగా ప్రవర్తిస్తామని హామీ పత్రం రాసివ్వాలి. నడిచే ప్రతి మనిషి పేరు, ఫోన్ నంబరు, ఆధార్ కాపీ రెండు రోజుల ముందే ఇవ్వాలి. మొదటిది విని లోపల సంతోషించా. రెండోది వినేసరికి చాయ్ గ్లాసు చేతిలో అట్లాగే ఉండిపోయింది.

ఎందుకంటే మొదటి షరతు పాటిస్తే రెండోది పాటించలేం. మా వాలంటీరు మర్యాదలో మొట్టమొదటిది, వచ్చినవాళ్ల సంగతి బయటికి పోనివ్వకపోవడం. ఇది మేం పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. ఒకసారి మా వల్లే ఒక పిల్లగాడి బతుకు చిందరవందర అయింది.

రెండేళ్ల కిందటి సంగతి. మా వైపు ఒక టౌన్‌లో అరవై మంది దాకా నడిచారు. ఒక పల్లె నుంచి డిగ్రీ చదివే పిల్లగాడు వచ్చాడు. ఊరి పేరు రాయను. ముఖానికి దస్తీ కట్టుకుని, అంగీ మీద స్వెట్టరు వేసుకుని, గుంపు మధ్యలో నడిచాడు. సగం దూరం పోయాక డప్పు ఊపందుకుంది. వాడికీ ఊపొచ్చింది. దస్తీ తీసి, చేతిలో తిప్పుతూ రెండే రెండు నిమిషాలు ఎగిరాడు. మా వాలంటీరు ఒకడు, మంచివాడే, ఆ ముచ్చట చూసి ఉండబట్టలేక ఫోన్ తీశాడు. పదిహేను సెకన్ల వీడియో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. ఆ స్టేటస్ చూసినవాళ్లలో ఒకడికి ఆ పిల్లగాడి మేనత్త కొడుకు క్లాస్‌మేట్. పొద్దుమూకేసరికి వీడియో ఊళ్లోకి చేరింది. రాత్రి తొమ్మిదింటికి వాళ్ల అన్న నాకు ఫోన్ చేశాడు, కరపత్రం మీద నంబరు నాదే కాబట్టి. తిట్టలేదు. "గా వీడియోల ఉన్నది మావోడేనా, ఒక్కమాట చెప్పు" అని అడిగాడు. నేనేం చెప్పాలి? చెప్పలేదు. చెప్పకపోయినా అయ్యేది అయింది. ఆ పిల్లగాడు చదువు మానేసి ఊరు వదిలాడు. మా వాలంటీరు వారం రోజులు మా షాపులో కూర్చుని ఏడ్చాడు. వాడు ఏడిస్తే వీడియో వెనక్కి వస్తుందా?

హైదరాబాద్‌లో 2013 నుంచి ఇట్లాంటి నడకలు జరుగుతున్నాయి. అక్కడ నడిచేవాళ్లు జనంలో కలిసిపోతారు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నడిస్తే ప్రతి షాపు ముందర ఒక మేనమామ నిలబడి ఉంటాడు. మా కష్టం అది.

ఆ తర్వాత మేం కూర్చుని రాసుకున్నాం, వాలంటీరు ఏం చేయాలి, ఏం చేయొద్దు అని. ఫోన్ సంగతి ముందు తేల్చాం. మొదట అనుకున్నదేమిటంటే, ఫోటో వద్దనేవాళ్లు మెడలో ఎర్ర రిబ్బను వేసుకోవాలని. మా చెల్లె నవ్వింది. "దాచుకునేటోళ్లకే ఎర్ర రిబ్బను కడ్తవా అన్నా? అందరి కండ్లూ వాళ్ల మీదనే పడ్తయి" అంది. నిజమే కదా. తిప్పి రాశాం. ఎవరి ఫోటో అయినా తీయకూడదు. ఫోటో ఫర్వాలేదనేవాళ్లు మాత్రం మణికట్టుకు పచ్చ దారం కట్టుకుంటారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఆ దారం అడిగినా ఇవ్వం. డ్యూటీలో ఉన్న వాలంటీరు ఫోను మా దగ్గరే ఉన్న సంచిలో పెట్టాలి. అంబులెన్సుకు, పోలీసుకు చేయడానికి ఇద్దరి దగ్గర మాత్రం ఫోన్లుంటాయి. రిపోర్టర్లు వస్తే మాట్లాడటానికి ఇద్దరున్నారు, మిగతావాళ్లు నవ్వి దారి చూపిస్తారు.

పిలుపు సంగతి మీకు కొంచెం విడమరిచి చెప్పాలి. మన భాషలో మనిషిని పలకరించాలంటే ముందు అన్నా, అక్కా తేల్చుకోవాలి. వచ్చిండా, వచ్చిందా తేల్చుకోవాలి. కొత్త మనిషిని చూసి మన కంటికి తోచింది అనేస్తే, అది వాళ్ల గుండెల్లో ముల్లులా దిగొచ్చు. అందుకని మా వాళ్లకు చెప్పాం, తెలిసేదాకా "వచ్చిండ్రా, తిన్నరా" అని మర్యాదగా మాట్లాడండి, పోయేదేముంది? దగ్గరికి పోయాక "మిమ్మల్ని ఏమని పిలవాలె" అని అడగండి, వాళ్లేం చెబితే అదే పేరు. "అసలు పేరేంది" అని అడగొద్దు. "ఆపరేషన్ అయిందా" అని అసలే అడగొద్దు. ఇది చెప్పినప్పుడు ఒక కుర్రాడు "తెలుసుకోవాలని అడిగితే తప్పా" అన్నాడు. "నీ హెర్నియా ఆపరేషన్ సంగతి మైకులో అడగనా" అన్నా. మళ్లీ మాట్లాడలేదు.

ఇంకా ఉన్నాయి. మందు వాసనతో వస్తే ఆ రోజుకు ఇంటికి. పార్టీ కండువా, కులసంఘం బ్యాడ్జి వద్దు. సాయం కోసం వచ్చినవాళ్ల నంబరు తీసుకుని తర్వాత సొంతానికి ఫోన్ చేయకూడదు. అడగకుండా భుజం మీద చేయి కూడా వేయకూడదు. చిన్నపిల్లలు ఎవరైనా వస్తే ఒక్క వాలంటీరు ఒంటరిగా మాట్లాడకూడదు, ఇద్దరుండాలి, బండి మీద దింపి వస్తానని తీసుకుపోకూడదు. హిజ్రా పెద్దలు, గురువులు వచ్చినప్పుడు కుర్చీ వేసి, ముందు వాళ్లకు మంచినీళ్లివ్వాలి. దవాఖానా ముందర డప్పు ఆగాలి, మసీదు నుంచి అజాన్ వినిపిస్తే ఆగాలి. ఎవరైనా తిడితే మారు మాట్లాడొద్దు. తిట్టేవాళ్లకూ నడిచేవాళ్లకూ మధ్య నిలబడి, ముఖం నడిచేవాళ్ల వైపు తిప్పుకోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదండీ. వెనకాల నుంచి అమ్మను తిడుతుంటే ముందుకు చూస్తూ నడవడం నాకే ఇంకా పూర్తిగా రాలేదు.

వాలంటీరు మీదే ఫిర్యాదు వస్తే వినడానికి ముగ్గురున్నారు. అందులో ఒకరు ట్రాన్స్ మహిళ, ఒకరు మా గుంపుతో సంబంధం లేని లాయరమ్మ. పోయినేడు వాళ్లు మా అందరికంటే ముందు నుంచి పని చేస్తున్న ఒక పెద్దమనిషినే పక్కన పెట్టారు. నా స్నేహితుడే. ఆయన ఇప్పుడు నాతో మాట్లాడడు. బాధ ఉంది కానీ వాళ్ల నిర్ణయం సరైందే.

కాబట్టి హామీ పత్రం అడిగితే ఒక లైను కాదు, నాలుగు పేజీలు ఇస్తాం. కింద ఇరవై రెండు సంతకాలుంటాయి. పేర్లు, నంబర్లు, ఆధార్లు అన్నీ మావి. తాడు పట్టుకునేవాడు జవాబుదారీ, దానికి మేం సిద్ధం. నడిచేవాళ్లవి మాత్రం ఇవ్వలేం.

గణేశ్ నిమజ్జనానికి పోలీసులు మండపం కమిటీ పేర్లు తీసుకుంటారు. బండి వెనకాల ఎగిరేవాళ్ల ఆధార్ అడగరు. లతీఫ్ సాహెబ్ ఉర్సుకు గుట్టెక్కేవాళ్లను, చెర్వుగట్టు జాతరకు వచ్చేవాళ్లను ఎవరూ జాబితా అడగరు. మాకే ఎందుకు?

ఆధార్ కాపీల గురించి నాకు కొంచెం తెలుసు, అదే నా బువ్వ. మిషన్‌లో వంకరగా పడ్డవి, మసకగా వచ్చినవి రోజూ ఒక కట్ట అవుతాయి. నేను చింపి పారేస్తా. అందరూ చింపరు. ఒకరోజు బస్టాండు దగ్గర బండి మీద ఉడకబెట్టిన పల్లీలు కొన్నా. పొట్లం విప్పితే లోపల ఒక ఆడమనిషి ఫోటో, పుట్టిన తేదీ, ఇంటి నంబరు. ఉప్పునీళ్లకు ఫోటో ఉబ్బి ఉంది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి పొయ్యిలో వేశా. రేపు 'ప్రైడ్ వాక్‌లో పాల్గొన్నవారు' అని పైన రాసి ఉన్న జాబితా ఏ బీరువా మీద ఉంటుంది, ఎవరు ఫోటో తీసుకుంటారు, ఏ పొట్లంగా మారుతుంది? జాబితా తీసుకున్న ఆఫీసరు ఎంత మంచివాడైనా మూడేళ్లలో బదిలీ అవుతాడు. జాబితాకు బదిలీ ఉండదు.

జాబితా అంటే మావాళ్లు ఎందుకు ఉలిక్కిపడతారో మీకు తెలియనిది కాదు. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో వచ్చిన చట్టం ఒకటుండేది. అనుమానం పేరు చెప్పి హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో ఎక్కించమంది. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనబడితే, పాడితే, ఆడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, మన తెలంగాణ వచ్చింది, చట్టం మాత్రం అట్లాగే ఉంది. 2023 జులైలో మన హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూట నాలుగేళ్లు బతికిన రిజిస్టరు అది. మొన్న ఆ ఆఫీసులో అడిగిన కాగితానికి ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ మా చెల్లె వాళ్ల గురువమ్మకు ఆ సంగతి చెబితే "మల్ల రాస్కుంటున్నరా" అని ఒక్కమాటే అంది.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు 2017 ఆగస్టులో చెప్పారు. మరుసటేడు సెప్టెంబరు 6న, పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధం నేరం కాదన్న 377 సెక్షన్ తీర్పు వచ్చింది. ఈ రెండు తీర్పులూ మీ శాఖ వాళ్ల దగ్గర ఉంటాయి, లేకపోతే కాపీలు నేనే ఉచితంగా తీసి పంపుతా.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. ఇట్లాంటి కార్యక్రమాలకు నిర్వాహకుల పేర్లు, వాలంటీర్ల పేర్లు, వచ్చేవాళ్ల అంచనా సంఖ్య తీసుకుంటే చాలని, పాల్గొనేవాళ్ల వివరాలు అడగొద్దని కలెక్టర్లకు, ఎస్పీలకు ఒక సర్క్యులర్ ఇప్పించండి. మా వాలంటీర్ల జాబితాను కూడా కవరులో పెట్టి, పని అయిపోయాక తిరిగిచ్చేయమనండి. ఊరేగింపులకు ముందే అనుమతి తీసుకోవాలనే 30 పోలీస్ యాక్టు అమల్లో ఉందంటారు, ఉండనీయండి, అనుమతి ఇస్తారో ఇవ్వరో వారం ముందే కాగితం మీద చెప్పమనండి. ముందురోజు రాత్రి ఫోన్‌లో "సరే కానీయండి" అంటే వాలంటీర్లకు నేర్పేది ఎప్పుడు?

ఇంకోటి. బందోబస్తుకు వచ్చే కానిస్టేబుళ్లను ఒక గంట మాతో కూర్చోనివ్వండి. మా నాలుగు పేజీలు వాళ్లకూ చదివి వినిపిస్తాం. పోలీసులకు ఇట్లాంటి అవగాహన కల్పించాలని మద్రాసు హైకోర్టు 2021 జూన్‌లోనే చెప్పింది, మన దగ్గర చేయడానికి ఎవరి తీర్పూ అక్కర్లేదు. మేం ఫోన్లు సంచిలో వేసి నిలబడితే, పక్కన ఒక కానిస్టేబులు సరదాకి వీడియో తీస్తే మా పచ్చ దారం ఎందుకు? అట్లాగే 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్న 39 మంది ట్రాన్స్‌జెండర్లలో ఇద్దరిని ఒక్క ఆదివారం మా దగ్గరికి పంపితే ఇంకా మేలు. జనాన్ని చేత్తో ఎట్లా ఆపాలో, ఎట్లా వదలాలో వాళ్లకంటే బాగా మాకెవరు నేర్పుతారు?

నడక మొదలయ్యే చోట ఒక సర్కారు బడి బాత్‌రూం తాళం ఇప్పిస్తే మరీ మంచిది. పోయినసారి ఒక అక్క ఎక్కడికీ పోలేక పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా నడిచి, చివర్లో కళ్లు తిరిగి పడిపోయింది. కడిగి, తాళం వేసి, తాళంచెవి చేతికిచ్చే బాధ్యత మాది.

ఈ లేఖ కాపీ పోస్టులో మీ పేషీకి పంపాను, సోమవారం ప్రజావాణిలో కూడా ఇస్తున్నా. ఆ రెండు కాపీల మీద నా పేరు, షాపు అడ్రసు, సంతకం ఉన్నాయి. ఇక్కడ మాత్రం రాయడం లేదు. నా పేరు చూస్తే మా చెల్లె ఎవరో మా వీధి మొత్తానికి తెలుస్తుంది, అంతవరకు ఆమె సరే అనలేదు.

ఇట్లు,
నల్లగొండ నుంచి
ఒక వాలంటీరు