పక్షులు లేవని రాసేముందు ఆ గేటు కాస్త తీయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

జనవరి వచ్చిందంటే ఫలానా చెరువులో ఇన్ని పక్షులు కనపడ్డాయి, పోయినేడు కంటే తగ్గాయి అని మీ పేపర్లో వార్త వస్తుంటుంది, అది చదివి సంతోషపడేవాళ్ళలో నేనూ ఉన్నాను, వేయడం మాత్రం మానకండి. కాకపోతే ఆ అంకె వెనకాల ఏం జరుగుతుందో జనానికి తెలియట్లేదని రాస్తున్నా. హైదరాబాద్‌లో సెలవు రోజుల్లో పొద్దున్నే వెళ్ళి పక్షుల్ని లెక్కపెట్టే వాలంటీర్లలో నేనొకదాన్ని.

మామూలుగా అందరం ఎక్కడికెళ్తాం, అమీన్‌పూర్ చెరువుకి, లేదంటే కేబీఆర్ పార్కుకి. అమీన్‌పూర్‌కి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, అక్కడ పక్షులున్నాయని అందరికీ తెలుసు కాబట్టి అందరూ అక్కడికే పోతారు, రికార్డులన్నీ అక్కడివే పోగవుతాయి. మరి జీడిమెట్ల ఫ్యాక్టరీల మధ్య ఏముంది, పాతబస్తీ మిద్దెల మీద ఏముంది? దీనికి కేరళ వాళ్ళు మంచి దారి చూపించారు. 2015 నుంచి 2020 దాకా వెయ్యిమందికి పైగా వాలంటీర్లు కలిసి రాష్ట్రం మొత్తానికి పక్షుల అట్లాస్, అంటే ఏ పక్షి ఎక్కడెక్కడ ఉందో చూపే మ్యాపులు, చేశారు, మ్యాప్‌ని గడులుగా కోసి లాటరీ తీసినట్టు కొన్ని గడులు ఎంచుకుని, అక్కడ అడవున్నా అపార్టుమెంట్లున్నా వెళ్ళి లెక్కపెట్టడమే. హైదరాబాద్‌లో కూడా 2025లో ఇలాంటి అట్లాస్ పని మొదలైంది, చాలా అవసరమైన పని.

అయితే మ్యాప్ మీద గడి గీయడం సులువేనండి, సిటీలో ఆ గడి పోయి సరిగ్గా ఏ గేటెడ్ కమ్యూనిటీ మీదో, కంపెనీ క్యాంపస్ మీదో పడుతుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నని తప్పు పట్టను, ఆయన డ్యూటీ ఆయనది, లోపలికి ఫోన్ చేస్తాడు, లోపలివాళ్ళు సెక్రటరీ గారిని అడగమంటారు, సెక్రటరీ గారు ఊళ్ళో ఉండరు, ఈలోపు ఎండెక్కిపోతుంది, పక్షులు చెట్లలోకి వెళ్ళిపోతాయి. రోడ్డు మీదే నిలబడి చూద్దామంటే చేతిలో బైనాక్యులర్స్, ఎదురుగా ఎవరివో బాల్కనీలు. మా ఇంట్లోకి ఎందుకు చూస్తున్నావని అడిగితే వాళ్ళ భయంలోనూ న్యాయముంది. ఇక చీకటి విడవకముందే ఊరి చివరి చెరువు కట్టకి ఆడవాళ్ళం ఒంటరిగా పోలేం, కనీసం ఇద్దరు తోడుండాలి, తోడు దొరకని రోజు ఆ చెరువుకి లెక్కే ఉండదు.

ఇవన్నీ దాటినా చప్పుడు ఉంటుంది. పక్షుల లెక్కలో కళ్ళ కంటే చెవుల పనే ఎక్కువ, ఒకచోట కాసేపు కదలకుండా నిలబడి విన్నవీ కన్నవీ రాసుకుంటాం. మెయిన్ రోడ్డు పక్కన ఆర్టీసీ బస్సులు, టిప్పర్లు మొదలయ్యాక జెముడుకాకి గుడ్‌గుడ్‌మనే బొంగురు గొంతు ఆ మోతలో కలిసిపోతుంది, పికిలిపిట్ట గొంతు కాస్త పైకి ఉంటుంది కాబట్టి బతికిపోతుంది. నెదర్లాండ్స్‌లో లైడెన్ అనే ఊళ్ళో పరిశోధకులు 2003లో బయటపెట్టిన విషయం ఏంటంటే, చప్పుడెక్కువున్న వీధుల్లో ఉండే గ్రేట్ టిట్ పిట్టలు తమ పాటలో కింది స్థాయి స్వరాలు తగ్గించి పైస్థాయిలో పాడుతున్నాయట. అంటే ట్రాఫిక్ మోతని పిట్టలు కూడా లెక్కలోకి తీసుకుంటున్నాయి, మనం మాత్రం రోడ్డు పక్కన తక్కువ వినపడితే తక్కువ ఉన్నాయని రాసేస్తున్నాం. రోడ్డు పక్క లెక్కనీ పార్కులో లెక్కనీ పక్కపక్కన పెట్టి నేరుగా పోల్చడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

చెరువుల్లో గుర్రపుడెక్క సంగతి వేరే చెప్పాలా, దాని వెనకాల నీటికోళ్ళు పదున్నాయో వందున్నాయో గట్టు మీద నుంచి తేల్చలేం. పైగా నీటిపక్షుల గణన జరిగేది సరిగ్గా సంక్రాంతి గాలిపటాల రోజుల్లో. నైలాన్ మాంజాని 2017లోనే దేశమంతా నిషేధించారు, అయినా అమ్ముతూనే ఉన్నారు, దానికి చిక్కి కొమ్మకి వేలాడే కొంగని చూశాక ఆ రోజు ఇంక లెక్క రాయబుద్ధి కాదు.

నా బాధంతా ఏంటంటే, మేం పోలేకపోయిన చోటు పేపర్ మీద ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని చూసి "ఇక్కడ పక్షులేం లేవు" అనుకునేవాళ్ళే ఎక్కువ, రేపు ఆ స్థలంలో చెట్లు కొట్టాలన్నా కుంట పూడ్చాలన్నా అడ్డు చెప్పడానికి మా దగ్గర ఒక్క కాగితం ఉండదు. చూసి లేవని రాయడం వేరు, అసలు చూడకపోవడం వేరు, ఈ తేడా ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకి అర్థమవ్వాలి.

అందుకే మీ రిపోర్టర్లు ఈ వార్త రాసేటప్పుడు ఎంతమంది ఎంతసేపు చూశారు, ఏయే చోట్లకి వెళ్ళలేకపోయారు అని కూడా అడిగి ఒక లైను వేయమని మనవి. మున్సిపల్ అధికారులు గణన రోజుల వరకైనా వాలంటీర్లకి ఫొటోతో ఒక గుర్తింపు లెటర్ ఇస్తే గేటు దగ్గర సగం గొడవ తగ్గుతుంది. కాలనీ అసోసియేషన్ల వాళ్ళకి నాదొక విన్నపం, లోపలికి రానిస్తూ మీ పిల్లల్ని కూడా మాతో పంపండి, మీ ఇంటి చెట్టు మీద ఎప్పుడు ఏ పిట్ట వాలుతుందో మాకంటే వాళ్ళకే బాగా తెలుసు, ఆ లెక్క వాళ్ళ చేత్తోనే రాయిద్దాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మియాపూర్, హైదరాబాద్