కాలనీ సంఘం వార్షిక నివేదిక: బావి పూడ్చలేదు, ఎందుకంటే...

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండలోని మన కాలనీ సంఘం ఈ ఏడాది చేసిన పనుల్లో ముందుగా బావి సంగతే చెప్తాను, కనబడినవాళ్లంతా అదే అడుగుతున్నారు.

ఉగాది తర్వాత మీటింగులో పాత బావిని పూడ్చి బండ్లు పెట్టుకునే జాగా చేద్దామని అనుకున్నాం. దోమలు, కంపు, పిల్లలు పడతారన్న టెన్షన్, అన్నీ నిజమే కాబట్టి దాదాపు అందరూ చేతులెత్తారు. ఆ నెలలోనే మన లెక్చరర్ సారు ఆదివారాలు హాల్లో నగరాలకు రూపమిచ్చినవాళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టారు. మొదటి వారం విశ్వేశ్వరయ్య గారు: 1908లో మూసీ హైదరాబాదును ముంచాక, వరదను పైనే ఆపాలని ఆయన సూచించడం, ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం. రెండో వారం ప్యాట్రిక్ గెడ్డెస్. వచ్చింది పదిహేను మందిమే, కానీ బావి మిగిలింది ఆ సాయంత్రం వల్లే.

గెడ్డెస్ స్కాట్లాండ్ మనిషి, చదివింది జీవశాస్త్రం. ఎడిన్‌బరో పాతబస్తీ ఇరుకు గురించి దూరం నుంచి మాట్లాడలేదు, 1880ల్లో భార్యతో అక్కడే కాపురం పెట్టి ఇరుగుపొరుగుతో కలిసి సందులు బాగుచేశాడు. 1914లో మన దేశం వచ్చి ఎన్నో ఊళ్లు కాలినడకన తిరిగి నివేదికలు రాశాడు. తిన్నగా రోడ్డు గీసి అడ్డొచ్చిన ఇళ్లన్నీ కూల్చే పద్ధతి ఆయనకు నచ్చలేదు, ఎక్కడ చెడిందో చూసి అంతవరకే తీసెయ్యాలన్నాడు. ఇండోర్‌లో అయితే దీపావళికి పెద్ద ఊరేగింపు పెట్టించి, ఇళ్లు బాగా శుభ్రం చేసుకున్న వీధుల గుండానే అది పోతుందని చాటింపు వేయించాడట, నాకు బాగా నచ్చిన ముచ్చట ఇది. మలేరియా భయంతో చెరువులు, కుంటలు పూడుస్తుంటే వద్దని, శుభ్రం చేసి చేపల్ని వదిలితే దోమపిల్లల్ని అవే తింటాయని చెప్పాడు.

అది వినగానే మూడో గల్లీ అవ్వ లేచి, "నేను కాపురానికొచ్చినప్పుడు ఈ నీళ్లే తాగినం, పూడ్చకుండ్రి బిడ్డా" అన్నది. తర్వాతి మీటింగులో నిర్ణయం మార్చుకున్నాం. రెండు ఆదివారాలు పూడిక తీస్తే సొట్టలు పడ్డ బిందెలు, వినాయకుడి విగ్రహాల కర్రలు, లెక్కలేనన్ని ప్లాస్టిక్ కవర్లు, అన్నిటికంటే అడుగున పాత గిలక దొరికాయి. పైన ఇనుప జాలీ వేయించి దోమపిల్లల్ని తినే గంబూసియా రకం చేపపిల్లల్ని వదిలాం. గిలకను తోమి హాల్లో పెట్టాం, వచ్చి చూడండి.

వానాకాలంలో గెడ్డెస్ చేసినట్టే మేమూ నడిచాం. ఐదో గల్లీలో పాత సీసీ రోడ్డు మీదే కాంట్రాక్టరు కొత్తది పోయడంతో రోడ్డు గడపలకంటే ఎత్తయింది, వాన పడితే నీళ్లు ఇళ్లల్లోకే. జోరువానలో గొడుగులేసుకుని ఏ గడపకు ఎంత నీళ్లొచ్చిందో గోడల మీద సుద్దముక్కతో గీతలు పెట్టి, మర్నాడు అవన్నీ చార్టు మీద గీశాం. ఆ చార్టు పట్టుకుని అడిగాక మోరీ లోతు చేశారు. రోడ్డు ఎత్తు సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

నగరాల గురించి రాసిన అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ గురించి ఒక్క వారమే కుదిరింది. 1961లో వచ్చిన పుస్తకంలో, వీధిని కాపాడేది వీధి మీద ఉండే జనాల కళ్లేనని ఆమె రాసింది. అందుకే బావి చుట్టూ అరుగు కట్టాలని ఐదో గల్లీవాళ్లు అడుగుతున్నారు, నాకూ ఇష్టమే, మీటింగులో తేల్చుకుందాం.

జమాఖర్చుల పుస్తకం హాల్లో ఉంది, చందా బాకీ ఉన్నవాళ్లు ఈ నెలలో కట్టండి. ఈసారి నడక ఆరో గల్లీ నుంచి, సుద్దముక్కలు నేను తెస్తాను.