చిట్టికి, ఆ ఫస్ట్ ఎయిడ్ కోర్సుల సంగతి

బిడ్డా,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎప్పటిదే. లచ్చన్న మామకు కంటి ఆపరేషన్ అయింది, నల్లద్దాలు పెట్టుకుని కాలనీ అంతా హీరోలాగా తిరుగుతున్నాడు. నాయనమ్మ నిన్న కూడా చిట్టి ఫోన్ చేసిందా అని అడిగింది, చేసింది అన్నాను, ఏం మాట్లాడింది అని మళ్లీ అడిగితే టీవీ సౌండు పెంచాను. వాట్సాప్‌లో పెద్దగా రాస్తే నీలం టిక్కులు పడతాయి కానీ జవాబు రాదు, అందుకే కాగితం మీద రాస్తున్నా. సంపత్ సోమవారం హైదరాబాద్ వస్తున్నాడు, వాడి చేతికి ఇస్తాను. గరిజెలు కూడా పంపుతోంది అమ్మ, డబ్బా మాత్రం తిరిగి పంపమంది, పోయినసారి రెండు డబ్బాలు రాలేదట.

పెద్ద సంగతేం లేదు, ఊరికే రాస్తున్నా. సంపత్ ఒక మాట చెప్పాడు, అంతే. దసరాకు వచ్చి పోతున్నప్పుడు షామీర్‌పేట దగ్గర యాక్సిడెంట్ చూసి రజితా నువ్వూ కారు ఆపారనీ, అంబులెన్స్ వచ్చేదాకా ఆ మనిషి దగ్గర నువ్వే కూర్చున్నావనీ. వాడు ఇంకా ఏదో చెప్పబోయి అమ్మను చూసి ఆగిపోయాడు. నేనూ అడగలేదు. నువ్వు చెప్పాలనుకుంటే చెప్తావు. పోలీసులు ఫోన్ చేశారని కూడా అన్నాడు, అది నిజమా?

నిజమైతే టెన్షన్ పడకు. మా కాలంలో రోడ్డు మీద మనిషిని లేపినవాడే దొంగలా తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు చట్టం ఉంది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని కొత్త సెక్షన్ పెట్టారు. కాపాడటానికి వచ్చినవాళ్ల మీద కేసు ఉండదు, పేరూ అడ్రసూ చెప్పమని బలవంతం చేయకూడదు. సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, చెప్తానంటే నీకు వీలైన చోట, వేధించకుండా రాసుకోవాలి. ఫోన్‌లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఈ సెక్షన్ పేరు చెప్పు, తర్వాత నాకు చెప్పు.

ఇక ఆ కోర్సుల సంగతి. నువ్వు ఏవో ట్రైనింగులు వెతుకుతున్నావనీ, రూముకు రోజూ పార్సిళ్లు వస్తున్నాయనీ, ముస్సోరీ పోయి పది రోజులు నేర్చుకుంటానంటున్నావనీ రజిత వాళ్లమ్మ చెప్పింది. మంచిదే. వద్దని నేనెందుకంటాను? నేను బొగ్గు బాయిలో పనివాళ్లను చూసుకునే సర్దార్ పరీక్ష రాసింది సెయింట్ జాన్ అంబులెన్స్ సర్టిఫికెట్ పట్టుకునే కదా, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ లేకపోతే బాయిలో సర్దార్ కాలేవు, సర్దార్ పైనుండే ఓవర్‌మ్యాన్ కాలేవు. మేమేమీ డాక్టర్లం కాదు, పదో తరగతి చదివిన వాళ్లం. అందుకే చెప్తున్నా, నేర్చుకోవడానికి డాక్టరే కానక్కర్లేదు, కానీ ఒక వరస ఉంటుంది. లెక్చర్ ఇవ్వనని అమ్మకు మాటిచ్చాను, కాబట్టి క్లుప్తంగా రాస్తాను.

ముందు సెయింట్ జాన్ వాళ్ల దగ్గరో రెడ్ క్రాస్ వాళ్ల దగ్గరో మామూలు ఫస్ట్ ఎయిడ్ కోర్సు చెయ్. పాతకాలపుది అని ముక్కు విరవకు, త్రికోణపు బ్యాండేజీ కట్టడం, విరిగిన కాలుకు కర్రలు కట్టడం, మనిషిని నలుగురు కలిసి ఒక్కసారిగా ఎత్తడం అక్కడే చేత్తో చేయిస్తారు. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, చేతులు మాత్రం ఆరు నెలల్లోనే మర్చిపోతాయి. మా బొగ్గు బాయిల రెస్క్యూ స్టేషన్ వాళ్లను చూశావు కదా, సర్టిఫికెట్ వచ్చిన తర్వాత కూడా ప్రాక్టీస్ ఆపరు.

గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడానికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ల హార్ట్‌సేవర్ అని ఉంది, అది మామూలు జనం కోసమే పెట్టింది, రెండేళ్లు చెల్లుతుంది. బీఎల్ఎస్, అంటే బేసిక్ లైఫ్ సపోర్ట్, నర్సులకూ డాక్టర్లకూ. కొన్ని సెంటర్లు డబ్బు కడితే ఎవరినైనా చేర్చుకుంటాయి, పోయినా తప్పులేదు, అయితే ముందే అడుగు, బొమ్మ మీద ఒక్కొక్కరితో ఎంతసేపు నొక్కిస్తారని. ముప్పై మందికి ఒక్క బొమ్మ పెట్టి ఫోటోలు దిగి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లు ఉంటారు. నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు, రెండంగుళాల లోతు, పెద్దవాళ్లకు. చదివితే చిన్న పని అనిపిస్తుంది, నిజంగా నొక్కితే రెండు నిమిషాలకే చెమటలు పడతాయి. ఇండియన్ రీససిటేషన్ కౌన్సిల్ వాళ్లది కోల్స్ అని ఇంకొకటి, అందులో నోట్లోకి గాలి ఊదడం ఉండదు, నొక్కడమే. పెద్ద దెబ్బలు తగిలినవాళ్లకు చేసే వైద్యం నేర్పే ఏటీఎల్ఎస్ జోలికి మాత్రం పోకు, అది డాక్టర్లకే. అలాంటివే ఐటీఎల్ఎస్, పీహెచ్‌టీఎల్ఎస్ కూడా అంబులెన్స్‌లో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల కోసమే. పెద్ద పేరున్న కోర్సు చేస్తేనే పనికొస్తామని అనుకోకు.

108 వాళ్ల ట్రైనింగ్ క్యాంపస్ దేవరయాంజాల్‌లోనే ఉంది. షామీర్‌పేటకు ఎంత దూరమని, నువ్వు ఆ దారిలోనే వస్తూ పోతూ ఉంటావు కదా. సరే, ఆ దారి ఊసు ఎత్తనులే. ఒక ఆదివారం రజితను తీసుకుని పోయి బయటివాళ్లకు ఏం నేర్పుతారో అడుగు.

నువ్వు నిజంగా వెతుకుతున్నది రక్తం ఆపడం గురించి అని నాకనిపిస్తోంది. అవునా? దానికి స్టాప్ ద బ్లీడ్ అని ఉంది, 2015లో అమెరికాలో మొదలుపెట్టారు, గంట, గంటన్నర పని, ఎవరైనా నేర్చుకోవచ్చు. మన దగ్గర నేర్పేవాళ్లు ఎవరున్నారో పెద్ద ఆసుపత్రుల ట్రామా డాక్టర్లను అడగాలి. అందులో చెప్పేది మూడే: గట్టిగా నొక్కడం, లోతు గాయంలో గుడ్డ కుక్కి నొక్కడం, చేతికో కాలికో అయితే టూర్నికే, అంటే కడ్డీ తిప్పి రక్తం ఆగేలా బిగించే పట్టీ, కట్టడం.

గుడ్డ కుక్కడం అంటే లచ్చన్న మామ కథ నీకు చెప్పానా? చెప్పే ఉంటాను, మళ్లీ విను. నువ్వు పుట్టలేదప్పటికి. కరీంనగర్‌లో పెళ్లి, మల్లేశం బావ వాళ్లది, భోజనాలు ఆలస్యం చేసి రాత్రి పది దాటాక పెట్టారు, వంకాయ కూర నిండా నూనె, మీ అమ్మ తినలేదు. ట్రెక్కర్ జీపులో తిరిగి వస్తుంటే సుల్తానాబాద్ దాటాక ఇనుప చువ్వలు వేసుకుని ఆగిన లారీ, వెనక నుంచి పోయి గుద్దిన మోటార్ సైకిల్. ఇరవై ఏళ్ల పిల్లగాడు. జనం చుట్టూ నిలబడ్డారు, ఒకడు నీళ్లు తాగిస్తున్నాడు, ఇంకొకడు చేతిలో తాళాలు పెడుతున్నాడు ఫిట్స్ అనుకుని. గాయం గజ్జ పక్కన, తొడ పైభాగంలో, చువ్వ దిగిన చోట. అక్కడ కట్టు కట్టడానికి జాగా లేదు, నేను పట్టీ కోసం వెతుకుతున్నాను. మామ ఒక్క మాట మాట్లాడకుండా పెళ్లిలో కప్పిన కొత్త కండువా తీసి వేళ్లతో ఆ గాయంలోకి కుక్కి, మోచేతులు వంచకుండా ఒళ్లంతా దాని మీద వేశాడు. ఆ పిల్లగాడు అరుస్తుంటే జనం వదిలెయ్ వదిలెయ్ అని మామ చొక్కా లాగారు. వదల్లేదు. 108 ఎక్కడిది అప్పుడు, అది 2005 ఆగస్టు పదిహేనున కదా వచ్చింది. ట్రెక్కర్‌లోనే పడుకోబెట్టి వెనక్కి కరీంనగర్, మామ దారంతా మోకాళ్ల మీద, ఒక్కసారి కూడా గుడ్డ ఎత్తి చూడలేదు. మధ్యలో డ్రైవర్ డీజిల్ అని బండి ఆపితే మీ అమ్మ తిట్టిన తిట్లు నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. దవాఖానాలో రాత్రంతా మమ్మల్నే కూర్చోబెట్టి అడిగారు, ఎవరు గుద్దారు, మీకేం సంబంధం అని. తెల్లారాక ఇంటికి వస్తే అత్తమ్మ ముందు అడిగింది కొత్త కండువా ఏమైందని. ఆ పిల్లగాడికి ఇప్పుడు పెద్దపల్లిలో జిరాక్స్ షాపు ఉంది. మామ ఆధార్ కాపీలు తీయించుకోవడానికి అక్కడికే పోతాడు. వాడు గుర్తుపట్టడు, మామ చెప్పడు, రూపాయి కూడా తగ్గించడు వాడు.

అందరూ బతకరు బిడ్డా. నేను పట్టుకున్నవాళ్లలో బతకనివాళ్లు ఉన్నారు, మామ పట్టుకున్నవాళ్లలోనూ ఉన్నారు. లోపల రక్తం పోతుంటే బయట ఎంత నొక్కినా ఆగదు, దానికి ఆపరేషన్ థియేటరే కావాలి. అది పదేళ్ల ట్రైనింగ్ ఉన్నవాడు రోడ్డు మీద కూర్చున్నా అంతే. ఈ మాట ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు.

ఆ పార్సిళ్ల గురించి. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు వచ్చే టూర్నికే కొనకు, నకిలీవి చాలా ఉన్నాయి, తిప్పే కడ్డీ సరిగ్గా బిగించేటప్పుడే విరుగుతుంది. అసలుది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, నేను డబ్బు పంపుతాను. ప్రాక్టీసుకు ఒకటి, బ్యాగులో పెట్టుకునేది ఇంకొకటి. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా బిగించి, టైము రాసిపెట్టాలి. నొప్పికి అరుస్తారు, అయినా వదులు చేయకూడదు. అది నేర్చుకున్నావు కదా అని పాము కరిచినవాళ్లకు మాత్రం కట్టకు. మన ఊళ్లలో ఇంకా తాడుతో బిగించి కడుతున్నారు, కట్లపామైనా రక్తపింజరైనా కట్టు వద్దు, కోయడం వద్దు, కాలు కదలకుండా ఉంచి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దవాఖానాకు తీసుకుపోవడమే. గ్లౌజులు కొన్నావా? ఆ రోజు చేతికి గ్లౌజులు లేవు కదా. చేతి మీద ఎక్కడైనా గీతలు, పుండ్లు ఉన్నాయా? ఉంటే ఒకసారి డాక్టర్‌కు చూపించి రక్తపరీక్ష ఏమైనా కావాలా అని అడుగు. ఈ ఒక్కదానికి జవాబు రాయి చాలు.

ముస్సోరీ అంటావా, ల్యాండోర్‌లో వుడ్‌స్టాక్ స్కూలు వాళ్ల హానిఫ్ల్ సెంటర్ అని సంపత్ చూసి చెప్పాడు. రెండు రోజులది వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్, పెద్దది ఎనభై గంటల దాకా. కొండల్లో అంబులెన్స్ రానిచోట గంటలకొద్దీ మనిషిని కాపాడుకోవడం నేర్పుతారట, రంగు పూసిన ఉత్తుత్తి గాయాలతో చీకట్లో కూడా చేయిస్తారట. నువ్వు ట్రెక్కింగులు తిరుగుతావు కాబట్టి పనికొస్తుంది, కానీ ముందు ఇక్కడివి చేసి పో. ఇంకొకటి, ఆపదా మిత్ర అని విపత్తు నిర్వహణ వాళ్లది, పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ల వాళ్లకు పన్నెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు. మన జిల్లాలో ఇప్పుడు బ్యాచ్ ఏమైనా ఉందేమో కలెక్టరేట్‌లో అడుగుతాను. వస్తే ఇంట్లో ఉండి చేసుకోవచ్చు, అమ్మ చేతి అన్నం తిని నాలుగు రోజులు నిద్రపోవచ్చు. నిద్ర పడుతోందా అసలు? నీ గదిలో రాత్రంతా లైటు వెలుగుతుందని రజిత చెప్పింది. పడకపోతే డాక్టర్‌ను కలువు, అందులో సిగ్గేం లేదు, మా రెస్క్యూ వాళ్లలో గట్టివాళ్లకు కూడా కొన్నాళ్లు అట్లాగే ఉండేది.

ఫీజు ఎంతో చెప్పు, పెన్షన్ పడగానే వేస్తాను. ముస్సోరీ పోయేట్టయితే డెహ్రాడూన్ ట్రైన్‌లో కింది బెర్త్ తీసుకో, నాయనమ్మ అల్లిన స్వెటర్ బీరువాలో ఉంది, అది కూడా సంపత్‌కే ఇస్తాను. పొద్దున ఆరింటికి నేను ఒక్కణ్నే నడకకు పోతాను, ఫోన్ జేబులోనే ఉంటుంది, అమ్మ పక్కన ఉండదు. అప్పుడు చెయ్. ఆ మనిషి గురించి నేను అడగను. నువ్వు చెప్తే వింటాను.

మీ బాపు

తా.క. డబ్బా మూత పోగొట్టకు.