జెండా పట్టినవారి టైమింగ్ కూడా ప్రకటించండి

సంపాదకులకు నమస్కారం.

హాఫ్ మారథాన్ జరిగిన మర్నాడు పత్రికల్లో వచ్చే ఫొటోల్లో వీపున జెండాతో పరుగెత్తే మనిషి ఒకరైనా కనిపిస్తారు. జెండా మీద 1:45 (గంటా నలభై అయిదు నిమిషాలు) అనో, 2:00 అనో, 2:30 అనో ఉంటుంది. వారే పేసర్లు. వాళ్లు సొంత రికార్డు కోసం పరుగెత్తరు. జెండా మీద రాసిన సమయానికి తమ వెంట వచ్చేవాళ్లను ముగింపు గీత దాటించడమే వాళ్ల పని. అందుకు పైసా తీసుకోరు. నెలల తరబడి సాధన చేసినవాళ్లు ఆ అంకెను నమ్మి, తమ వాచీ చూసుకోవడం కూడా మానేసి, ఆ జెండా వెనకాలే వెళతారు. ఇంత నమ్మకం పెట్టుకునే పనిని ఎలా చేయాలో, ఎలా చేస్తే చెడుతుందో బయట పెద్దగా చర్చ జరగడం లేదు. నిర్వాహకులు కొందరు జెండాలు పంచి ఊరుకుంటారు. మేం కోరేది ఒకటే. రన్నర్ల ఫలితాలతో పాటు ప్రతి పేసర్ టైమింగ్‌నూ 5 కిలోమీటర్ల వారీగా ప్రకటించాలి.

చివరి సమయం ఒక్కటి చాలదా అని అడగొచ్చు. చాలదు. రెండు గంటల పేసర్ తొలి 10 కిలోమీటర్లు 55 నిమిషాల్లో లాగించి, మిగిలిన 11 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 65 నిమిషాల్లో ముగించారనుకుందాం. గీత దగ్గర గడియారం సరిగ్గా 2:00:00 చూపిస్తుంది. కాగితం మీద తప్పేమీ ఉండదు. కానీ ఆ పేసర్ మొదటి సగంలో కిలోమీటరుకు 5:30 (5 నిమిషాల 30 సెకన్లు) వేగంతో వెళ్లారు, రెండో సగంలో 5:51కి దిగారు. పేసర్‌కు అది పెద్ద శ్రమ కాదు, ఎందుకంటే అంతకన్నా చాలా వేగంగా వెళ్లగల సత్తా ఉంది. వెంట వచ్చిన వ్యక్తికి మాత్రం రెండు గంటలకు సరిపోయే 5:41 వేగమే దాదాపు హద్దు. ఆ హద్దు దాటి 11 సెకన్లు ఎక్కువ వేగంతో పది కిలోమీటర్లు వెళితే కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం త్వరగా ఖర్చవుతుంది, ఒంట్లో వేడి పేరుకుంటుంది, గుండె వేగం పెరిగి మళ్లీ దిగదు. ఆ సంగతి అప్పుడే తెలియదు, 15, 16 కిలోమీటర్ల దగ్గర బయటపడుతుంది. అక్కడి నుంచి 5:51 కాదు, 6:20 కూడా గగనమవుతుంది. ముందే కాస్త సమయం మిగుల్చుకుందాం అనే ఆలోచన పేసింగ్‌లో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. దాన్ని బయటపెట్టేది 5, 10, 15, 20 కిలోమీటర్ల దగ్గరి టైమింగ్ మాత్రమే.

సరైన పేసింగ్ అంకెల్లో ఇలా ఉంటుంది. హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. రెండు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. మంచి పేసర్ అరనిమిషం చేతిలో ఉంచుకుని 1:59:30కి ప్లాన్ చేసుకుంటారు, అంటే 5:40. ఆ లెక్కన 5 కిలోమీటర్లకు 28:19, పదికి 56:38, పదిహేనుకు 1:24:58, ఇరవైకి 1:53:17. చదునైన దారిలో వీటికి పది, పదిహేను సెకన్లు అటూ ఇటూ అయితే బాగా చేసినట్టే. 5 కిలోమీటర్ల దగ్గరే ముప్ఫై సెకన్లు ముందున్నారంటే ఏదో తప్పు జరుగుతోందని అర్థం. ఆ మిగులును వెంటనే ఖర్చు పెట్టేయకూడదు, తర్వాతి ఏడెనిమిది కిలోమీటర్లలో కొద్దికొద్దిగా వదులుకోవాలి.

ఈ అంకెలు తెలిసినవాళ్లు కూడా పొరబడేది జీపీఎస్ వాచీ దగ్గర. రోడ్డు పోటీ దూరాన్ని ముందే సరిచూసిన సైకిల్ మీటరుతో కొలుస్తారు. మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరం నుంచి, రన్నర్ వెళ్లగల అతి దగ్గరి గీత వెంట కొలుస్తారు. దూరం తగ్గే ప్రమాదం లేకుండా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. గుంపులో పరుగెత్తేవాళ్లు ఆ గీత మీద ఉండలేరు. మలుపుల్లో బయటివైపు నుంచి తిరుగుతారు, ఇతరులను దాటడానికి పక్కకు జరుగుతారు. దానికి జీపీఎస్ పొరపాటు తోడవుతుంది. ఫలితంగా ముగింపు గీత దాటేసరికి వాచీ 21.2 నుంచి 21.4 దాకా చూపించడం మామూలే. 21.3 చూపిస్తుందనుకుంటే, వాచీలో కనిపించే 5:41నే పట్టుకుని వెళ్లిన పేసర్ 2:01:03కి చేరతారు. కళ్లెదుట అంకె సరిగ్గానే ఉంటుంది, వెంట వచ్చినవాళ్ల రెండు గంటల కల మాత్రం పోతుంది. అందుకే వాచీ తన లెక్క ప్రకారం కిలోమీటరు కిలోమీటరుకు సమయాన్ని తనే నమోదు చేసే ఆటో ల్యాప్‌ను ఆపేయాలి. ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గర చేత్తో ల్యాప్ నొక్కాలి. మొత్తం గడిచిన సమయాన్ని చేతిపట్టీ మీద రాసుకున్న పట్టికతో పోల్చాలి. ఫ్లైఓవర్ల కింద, ఎత్తైన భవనాల మధ్య తక్షణ వేగం 5:10కీ 6:30కీ మధ్య గెంతుతుంటుంది, దాన్ని చూసి కాళ్ల వేగం మార్చకూడదు. ఒక్కోసారి బోర్డు కూడా కొన్ని మీటర్లు అటో ఇటో పెట్టి ఉంటుంది. ఒక కిలోమీటరు 5:28, తర్వాతిది 5:52 వచ్చాయంటే అది బోర్డు తప్పే, పరుగు తప్పు కాదు.

రన్నర్లకు తెలియాల్సిన ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. పేసర్ సమయం మొదలయ్యేది ప్రారంభ సంకేతం మోగినప్పుడు కాదు, పేసర్ ప్రారంభ గీత దగ్గర పరిచిన, సమయం నమోదు చేసే మ్యాట్ మీద కాలు పెట్టినప్పుడు. మీ చిప్ (మ్యాట్ దాటగానే మీ సమయం నమోదయ్యేలా చేసే చిన్న పరికరం) లెక్క కూడా అంతే. పేసర్ కన్నా 40 సెకన్లు ముందు మ్యాట్ దాటి, చివర్లో పేసర్ పక్కనే గీత దాటితే, పేసర్‌కు 1:59:30 వచ్చినా మీకు 2:00:10 వస్తుంది. 40 సెకన్లు వెనక మొదలెట్టి ఆ పక్కనే ముగిస్తే మీకు 1:58:50. కాబట్టి ప్రారంభంలో జెండాకు దగ్గరగా, వీలైతే ఒకటి రెండు వరుసలు వెనకగా నిలబడడమే మంచిది. వెనకబడితే తొలి కిలోమీటరులోనే అందుకోవాలని ఉరకకండి. 40 సెకన్లను ఎనిమిది కిలోమీటర్లలో, కిలోమీటరుకు ఐదేసి సెకన్ల చొప్పున తగ్గించుకోండి. లేదా వెనకే ఉండి అదే దూరాన్ని నిలుపుకోండి, మీ లెక్క మీకు సరిపోతుంది.

నీళ్ల కేంద్రాల దగ్గర పేసర్ ఏం చేస్తారో ప్రారంభానికి ముందే గుంపుకు చెప్పాలి. పరుగెత్తుతూనే గ్లాసు అందుకుంటారా, నడుస్తారా? రెండూ సరైన పద్ధతులే, చెప్పకుండా చేస్తేనే తప్పు. ఆరు కేంద్రాల్లో ఇరవై సెకన్ల చొప్పున పోగొట్టుకుంటే రెండు నిమిషాలు. వాటిని మిగతా దారంతా పంచితే కిలోమీటరుకు దాదాపు ఆరు సెకన్లు, అంటే పరుగు వేగం 5:40 కాదు, 5:34 కావాలి. ఆ సంగతి తెలియని రన్నర్, పేసర్ తొందరపడుతున్నారని కంగారుపడతారు. కేంద్రం కనబడగానే గుంపు అంతా మొదటి బల్ల మీద పడుతుంది. పేసర్ చివరి బల్లల వైపు నడిపించాలి, రెండు వందల మీటర్ల ముందే కేక వేసి చెప్పాలి. దాటాక పోయిన పదిహేను సెకన్లను ఆ కిలోమీటరులోనే రాబట్టాలని చూడకూడదు.

ఎత్తు ఎక్కేటప్పుడూ ఇదే నియమం. వేగం కాదు, శ్రమ సమానంగా ఉండాలి. ఎక్కేటప్పుడు పది, పదిహేను సెకన్లు పోతే పోనివ్వాలి, దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది. మొత్తం రాదు కాబట్టి, దారి పటం చూసుకుని చదును భాగంలో ఒకటి రెండు సెకన్లు ముందే కలుపుకోవాలి. పెద్ద ఎత్తు ఉన్న కిలోమీటరును పట్టికలో విడిగా రాసుకోవాలి.

ఎంపిక విషయానికి వస్తే, వేగంగా పరుగెత్తేవారే మంచి పేసర్లని నిర్వాహకులు అనుకుంటున్నట్టుంది. 2:00 పేసర్ ఈమధ్య కాలంలో 1:45 లోపు ముగించినవారై ఉండాలి, ఆ పదిహేను నిమిషాల తేడా తప్పనిసరి. దారి పొడవునా మాట్లాడాలి, లెక్క చూడాలి, జెండా మోయాలి, అంత చేస్తూ ఆయాసపడకూడదు. అయితే తేడా మరీ ఎక్కువున్నా చేటే. గంటన్నరలో ముగించే మనిషికి 2:30 జెండా ఇస్తే, కిలోమీటరుకు 7:07 వేగంలో అడుగు పడదు. తెలియకుండానే 6:45కి జారిపోతారు. ఏ వేగం అప్పగించారో ఆ వేగంలోనే, పోటీకి ముందు నెలలో రెండు మూడు పొడవాటి పరుగులు చేయించాలి. వాచీ చూడకుండా ఒక కిలోమీటరు పరుగెత్తి, అయిదు సెకన్ల తేడాలోపు రాగలిగితే ఆ వేగం ఒంటికి పట్టినట్టు.

ప్రతి సమయానికీ ఇద్దరు పేసర్లు ఉండాలి. ఒకరికి కడుపు చెడినా, కాలు పట్టేసినా రెండోవారు గుంపును తీసుకెళతారు. ఆగిపోయిన పేసర్ తక్షణం జెండా దించేయాలి, పేసర్ అని రాసి ఉన్న బిబ్‌ను (ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితాన్ని) కప్పేయాలి. 2:00 జెండాతో మెల్లగా నడుస్తున్న మనిషిని చూసి వెనక వచ్చేవాళ్లు తాము సమయానికే ఉన్నామనుకుంటారు. జెండా కర్ర తేలిగ్గా ఉండాలి, బట్ట సన్నగా ఉండాలి, అంకె రెండు వైపులా కనబడాలి. ఎదురుగాలిలో పెద్ద జెండా వీపును వెనక్కి లాగుతుంది. బెలూన్లు మాకు నచ్చవు, వెనకున్నవాళ్ల మొహానికి తగులుతాయి, సగం దారిలో పేలిపోతాయి.

ఏ ఒక్కరి కోసమూ పేసర్ ఆగకూడదు, ఎంత జాలి కలిగినా సరే. దీనికి మినహాయింపు ఒకటే. ఎవరైనా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఎక్కడున్నారో తెలియనట్టు చూస్తున్నా అది వడదెబ్బ కావచ్చు. చెమట పడుతోంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, పరుగులో వచ్చే వడదెబ్బకు చెమట ఆగిపోవాలని లేదు. ఇద్దరిలో ఒక పేసర్ ఆగాలి, వైద్య బృందాన్ని పిలవాలి, వాళ్లు వచ్చేలోగా చల్లటి నీళ్లతో ఒళ్లు తడుపుతూనే ఉండాలి. రెండో పేసర్ జెండాతో సాగిపోవాలి.

ఏ జెండా ఎంచుకోవాలో రన్నర్లకు ఒక తేలిక లెక్క ఉంది. పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు 1977లో ప్రకటించిన సూత్రం ప్రకారం, మీ తాజా 10 కిలోమీటర్ల సమయాన్ని 2.2తో గుణిస్తే హాఫ్ మారథాన్ సమయం దాదాపుగా వస్తుంది. 54 నిమిషాలైతే 1:59 దగ్గర. 58 నిమిషాలైతే 2:08 దగ్గర, అప్పుడు 2:10 జెండా వెనక నిలబడాలి, 2:00 వెనక కాదు. ఈ లెక్క తగినన్ని పొడవాటి పరుగులు చేసినవాళ్లకే వర్తిస్తుంది. ఎండ, ఉక్క ఉన్న రోజున ఒక జెండా వెనక్కి తగ్గడం తెలివైన పని. పన్నెండో కిలోమీటరు దగ్గర చిన్న వాక్యం కూడా పూర్తిగా పలకలేకపోతున్నారంటే మీరు ఎంచుకున్న జెండా తప్పు. అక్కడే వదిలి వెనక గుంపును కలుపుకోండి.

చివరి జెండాల గురించి పత్రికలు అసలు రాయవు. మూడు గంటల పేసర్ పని 1:45 పేసర్ పని కన్నా కష్టమని మా అభిప్రాయం. వెంట ఉండేవాళ్లలో చాలామందికి అది తొలి హాఫ్. కిలోమీటరుకు 8:32 చొప్పున వెళ్లాలి. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక పద్ధతి అయితే, చురుగ్గా నడుస్తూ కిలోమీటరుకు 10:30 వేగం ఉంచుకున్నప్పుడు, పరుగు వేగం 8:09 కావాలి. నడక మొదటి నిమిషాల నుంచే ఉండాలి, అలసిపోయాక మొదలెట్టే నడక వల్ల లాభం లేదు. నడిచేముందు చెయ్యెత్తి, రోడ్డు అంచుకు జరగాలి, లేకపోతే వెనకున్నవాళ్లు వచ్చి గుద్దుకుంటారు. పోటీ కటాఫ్‌ను (ముగించడానికి ఇచ్చే గడువును) ప్రారంభ సంకేతం నుంచి లెక్కిస్తారా, చిప్ నుంచి లెక్కిస్తారా అన్నది ఈ పేసర్లకు నిర్వాహకులు రాతపూర్వకంగా చెప్పాలి. సంకేతం మోగాక నాలుగు నిమిషాలకు మ్యాట్ దాటిన పేసర్ చిప్ ప్రకారం మూడు గంటలకు వచ్చినా, గీత దగ్గరి పెద్ద గడియారం 3:04 చూపిస్తుంది. కటాఫ్ మూడు గంటలే అయితే ఆ గుంపులో ఎవరికీ పతకం దక్కదు.

ఇరవయ్యో కిలోమీటరు బోర్డు దాటాక పేసర్ చెప్పాల్సింది ఒక్కటే: సత్తువ ఉన్నవాళ్లు నన్ను వదిలి ముందుకు వెళ్లండి. పేసర్ మాత్రం వేగం పెంచకూడదు. అప్పటిదాకా నెట్టుకొచ్చినవాళ్లకు జెండా దూరమవుతుంటే ఉన్న కాస్త ధైర్యమూ జారిపోతుంది. సమయం మిగిలిందని గీత ముందు ఆగి నిలబడడం కూడా వద్దు, వెనక వేగంగా వచ్చేవాళ్లు గుద్దుకుంటారు.

పేసర్ బిబ్‌కు చిప్, దారిలో మ్యాట్లు ఉన్న పోటీల్లో సమయం నమోదవుతూనే ఉంటుంది. అక్కడ కొత్తగా కొలవాల్సింది లేదు. ఫలితాల పేజీలో ఒక్కో పేసర్‌కు అయిదు అంకెలు చాలు: 5, 10, 15, 20 కిలోమీటర్ల దగ్గర ఎంత, గీత దగ్గర ఎంత. పోటీ ఫలితాలు అచ్చు వేసేటప్పుడు మీ పత్రిక కూడా నిర్వాహకులను ఆ అయిదు అంకెలూ అడగాలని కోరుతున్నాం.

ఇట్లు,
హాఫ్ మారథాన్ స్వచ్ఛంద పేసర్లు కొందరు