అది తప్పు, అబద్ధం కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

మా చిన్నాయనది జమ్మలమడుగు దగ్గర పల్లె. శనగ వేసి, పంట లెక్కల్లో నాలుగెకరాలని రాయించాడు. అధికారులు వచ్చి కొలిస్తే మూడెకరాల అరవై సెంట్లే తేలింది. మా తాత కాలం నుంచి దాన్ని అందరం నాలుగెకరాల చేను అనే అంటాం. ఆయనా అదే చెప్పాడు. పోయిన వారం మీ జిల్లా పేజీలో కొలతలో తేడా వచ్చిన ఆ ఊరి రైతుల జాబితా వేసి, పైన ‘అబద్దాలు చెప్పిన రైతులు’ అని పెట్టారు. డెబ్బై ఆరేళ్ల మనిషి నాకు ఫోన్ చేసి, "నేను బొంకినానా అబ్బీ?" అని అడిగాడు. ఆ పొద్దు కూడు ముట్టలేదని చిన్నమ్మ చెప్పింది.

నేను 31 ఏళ్లు కోర్టులో టైపిస్టుగా పనిచేశాను. ఎదుటి వకీలు క్రాస్ (ఎదురు ప్రశ్నలు) ముగించేటప్పుడు దాదాపు ప్రతి వాంగ్మూలంలో ఒక వాక్యం వస్తుంది: "నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు." ఎన్ని వేలసార్లు కొట్టానో. తారీఖు తప్పు చెప్పావంటే సాక్షులు "గ్యాపకం లేదు సామీ" అని ఒప్పుకునేవాళ్లు. అబద్ధమనే మాట వినపడగానే ముఖం మారిపోయేది. ఒక ముసలామె బోనులోనే ఏడ్చేసి, బిడ్డల మీద ఒట్టు పెట్టుకుంది. టైపు ఆపి కూర్చున్నా.

చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. అబద్ధపు సాక్ష్యం గురించి పాత శిక్షాస్మృతి ఐపీసీలో సెక్షన్ 191, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 227. చెప్పిన మాట నిజం కాకపోతే చాలదు. నిజం కాదని తెలిసో, కాదని నమ్మో, నిజమనే నమ్మకం లేకుండానో చెప్పి ఉండాలి. కోర్టు విచారణలో కావాలని అలా చెప్పినట్టు రుజువైతే ఏడేళ్ల దాకా జైలు. అంత బరువున్న మాటను నలభై సెంట్ల తేడాకు వాడారు.

బద్ధం అంటే కట్టింది. సంస్కృతంలో అబద్ధమంటే పొంతన లేని మాట అని కూడా ఉంది. తెలుగులో మాత్రం కావాలని చెప్పే మాటకే ఆ పేరు స్థిరపడింది. బొంకు, కల్ల కూడా అంతే. తెలియక అన్నదానికి మనకు తప్పు, పొరపాటు అని వేరే మాటలున్నాయి. (మీరు వేసింది ‘అబద్దాలు’, ధ ఒత్తు కూడా లేకుండా. అదీ నాకు బాధే.)

కావాలని మోసం చేసినవాణ్ని అబద్ధాలకోరని ధైర్యంగా రాయండి, నేనే మెచ్చుకుంటా. కొలతలో తేడా వస్తే ‘కొలతలో తేడా’ అని రాయండి, చాలు.

చిన్నాయన ఆ పేపరు ముక్కను మడిచి పాసుపుస్తకంలో పెట్టుకున్నాడు. మీరు సవరణ వేస్తే కత్తిరించి, నేనే తీసుకుపోయి ఆయన చేతికిస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ కోర్టు టైపిస్టు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా