విషయం: 41 రోజులుగా మీరు పట్టించుకోని నా ఫిర్యాదు

విజయవాడ,
జులై 14.

కస్టమర్ సపోర్ట్ అధిపతి గారికి,

నమస్కారం. నేను సూర్యారావుపేటలో చిన్న డెంటల్ ల్యాబ్ నడుపుతున్నాను. క్రౌన్లు (పంటి మీది తొడుగులు), బ్రిడ్జిల (కలిపి చేసే కట్టుడు పళ్ల వరస) డిజైనింగ్‌కి 2017 నుంచి మీ సాఫ్ట్‌వేరే వాడుతున్నాను.

సమస్య రెండు ముక్కల్లో చెప్తాను. మీ కొత్త అప్‌డేట్ వేసుకున్నప్పటి నుంచి, సగం డిజైన్ అయిన కేసులో టూత్ లైబ్రరీ (సాఫ్ట్‌వేర్‌లో ఉండే రెడీమేడ్ పళ్ల ఆకారాలు) నుంచి తెచ్చిన ఒక మోడల్ తీసేసి ఇంకో మోడల్ పెడితే, అప్పటిదాకా చేసిన పనంతా పోతోంది. సైజు, వంపు, పక్క పంటికి ఆనే కాంటాక్టులు, పళ్లను కలిపే కనెక్టర్లు అన్నీ మళ్లీ మొదటికొస్తున్నాయి. ఇదివరకు మోడల్ మార్చినా పన్ను నేను నిలబెట్టిన చోటే నిలబడేది. మెషిన్లతో బతికేవాళ్లం, ఏదో ఒకటి చెడిపోతూనే ఉంటుందని మాకు తెలుసు. దానికి నేను ఉత్తరం రాయను. ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడికి రాస్తున్నాను.

జూన్ 3న మొదటిసారి ఫోన్ చేశాను. గుడివాడ నుంచి వచ్చిన కేసు, పైన ముందు ఆరు పళ్ల బ్రిడ్జి, మా పళ్ల నంబర్లలో 13, 12, 11, 21, 22, 23. పేషెంటు స్కూల్ టీచరు. 12న బడి తెరిచేలోగా పళ్లు కావాలి. డాక్టరు గారు డిజైన్ చూసి, ఈ పలకల పళ్లు ఆవిడ ముఖానికి నప్పవు, కోలగా ఉండేవి పెట్టండి అన్నారు. పెట్టాను. ఉన్నదంతా పోయింది.

మీ సపోర్టు అమ్మాయి ఫోనెత్తి డాంగిల్ (సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఉండే యూఎస్‌బీ తాళం) నంబరు అడిగింది. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంది. చేశానమ్మా అన్నా మళ్లీ చేయించింది. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ మార్చమంది, మార్చాను. 24 గంటల్లో ఫోన్ వస్తుందంది. నాలుగు రోజులకు మెయిల్ వచ్చింది, స్క్రీన్ రికార్డింగ్ పంపమని. ఆరు నిమిషాల వీడియో తీసి, కేసు ఫైల్‌తో సహా పంపాను. అందిందన్నారు. రెండు రోజులకు ఇంకో మెయిల్: మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసేశాం, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

ఎవరు పరిష్కరించారండీ? ఎప్పుడు? నాకొక ఫోన్ కూడా రాలేదే!

మళ్లీ ఫోన్ చేశాను. మూసిన టికెట్ తెరవడం కుదరదు, కొత్తది పెట్టండి అన్నారు. మళ్లీ డాంగిల్ నంబరు, మళ్లీ రీస్టార్టు, మళ్లీ డ్రైవరు. ఈసారి దొరికిన అబ్బాయి, "21 అంటే ఇరవై ఒక్క పళ్లా సార్?" అని అడిగాడు. కాదు బాబూ, అది పైన ఎడమవైపు ముందు పన్ను నంబరు అని ఓపిగ్గా చెప్పాను. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. పన్ను గురించి ఒక్క ముక్క నేర్పకుండా పళ్ల సాఫ్ట్‌వేర్ సపోర్టులో కూర్చోబెట్టారు చూడండి, కోపం మీ మీద.

ఆ తర్వాత, అది మీ డీలర్ చూడాలి అన్నారు. హైదరాబాద్‌లో డీలర్‌ని అడిగితే, సాఫ్ట్‌వేర్ సంగతి కంపెనీదే అన్నాడు. మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. చివరికి మీ ఆఫీసు నుంచి ఎవరో, "ఏఎంసీ కట్టారా సార్?" అని అడిగారు, అంటే ఏడాది మెయింటెనెన్స్ డబ్బులు. ఏప్రిల్‌లోనే కట్టాను. ఆ నిమిషంలోనే రసీదు వాట్సాప్ చేశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇవాళ్టికీ జవాబు లేదు. గోడకు చెప్పుకున్నా ఇంతే.

ఈలోగా ఇక్కడ మా పని ఎలా జరిగిందో మీకు తెలియాలి. ఆ టీచరు గారి బ్రిడ్జి రాత్రి పదకొండు దాటాక మొదటి నుంచి మళ్లీ చేశాను. ముందు పళ్ల అంచు, ఆవిడ 'ఫీజు' అన్నప్పుడు కింది పెదవి మీద తడి ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ ఆనాలి. కాస్త ఎక్కువైనా మాట తేడాగా వస్తుంది, రోజంతా పిల్లల ముందు మాట్లాడే మనిషికి. అదంతా ఒకసారి కుదిర్చి, పోగొట్టుకుని, మళ్లీ కుదర్చడం. పళ్లు చేసే జిర్కోనియా బిళ్లని ఇరవై, ఇరవై అయిదు శాతం పెద్ద సైజులో మెషిన్‌తో చెక్కి (మిల్లింగ్ చేసి), 1500 డిగ్రీల దగ్గర ఫర్నేసులో పెడతాం. అక్కడ కుంచించుకుని అసలు సైజుకి వస్తుంది. అంటే తొందరలో చేసిన తప్పు మర్నాడు పొద్దున గానీ బయటపడదు. 23 దగ్గర పక్క పన్నుతో కాంటాక్ట్ టైట్ అయింది, బ్రిడ్జి సరిగ్గా కూర్చోలేదు. రీమేక్ చేశాను. ఆ ఖర్చు నాది. 11న సాయంత్రం గుడివాడ బస్సులో నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పద్నాలుగేళ్లు మైనంతో, చేత్తో పళ్లు చెక్కాను. నలభై దాటాక మౌస్ పట్టుకున్నానంటే మీ కంపెనీ మాట నమ్మే. 2017లో మీ ట్రైనర్ వచ్చి రెండు రోజులు నా పక్కనే కూర్చున్నారు. నేను చెక్కిన మోలార్ (దవడ పన్ను) చేతిలోకి తీసుకుని, ఈ గాడి ఇలా ఎందుకు పెట్టారని అడిగారు. అలాంటి మనుషులున్న కంపెనీ అని గుంటూరులో ఒకరి చేత, తెనాలిలో ఇంకొకరి చేత నేనే కొనిపించాను. తక్కువ ధరకి ఇస్తామని వేరేవాళ్లు వస్తే టీ ఇచ్చి పంపేశాను. ఇప్పుడు ఆ తెనాలి తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నాకూ అలాగే అవుతోంది, ఏం చేయమంటావు?" అంటే నా దగ్గర సమాధానం లేదు. నా మాట పోయింది.

అప్‌డేట్ సరిచేసేదాకా పాత వెర్షన్ అయినా తిరిగి పెట్టించండి. అదీ కుదరదంటే ఈ ఏడాది ఏఎంసీ డబ్బులు, రీమేక్‌కి పట్టిన జిర్కోనియా బిళ్ల ఖర్చు వెనక్కివ్వండి. పది రోజుల్లో మనిషన్నవాడు ఎవరూ మాట్లాడకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారుల చట్టం మీకు వర్తించదు అని చెప్పకండి. సొంతంగా పనిచేసుకుని పొట్ట పోసుకునేవాడికి 2019 చట్టంలో చోటుంది. మా ల్యాబుల వాట్సాప్ గ్రూపులో ఈ ఉత్తరం ఇలాగే పెడతాను. మా జిల్లాలో ఇక ముందు మీ పేరు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అప్పుడు ఆలోచిస్తాను.

ఫోన్ చేసే ముందు జూన్‌లో నేను పంపిన వీడియో ఒక్కసారి తెరవండి. నాలుగో నిమిషం దగ్గర 21 చుట్టూ మౌస్‌తో గుండ్రంగా తిప్పి చూపించాను. అది చూశాకే ఫోన్ చేయండి. డాంగిల్ నంబరు మాత్రం మళ్లీ అడగొద్దు.

ఇట్లు,
2017 నుంచి మీ కస్టమర్