మా పాప మెడలోని బిళ్లలు ఏమిటో తేల్చి చెప్పినవారికి కృతజ్ఞతలు

మా ఆరేళ్ల పాప మెడకు కుడివైపున కట్టిన బిళ్లలు లింఫ్ గ్రంథులకు వచ్చిన టీబీ అని ఆధారంతో సహా తేల్చి, ఆరు నెలల చికిత్స పూర్తయ్యేదాకా మాకు అండగా నిలిచిన విశాఖపట్నం ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగం వైద్యులకు, నర్సులకు, అక్కడి ప్రయోగశాలల సిబ్బందికి, మా టీబీ యూనిట్ సూపర్‌వైజర్ గారికి, మా ఊరి ఏఎన్ఎం గారికి, ఆశా కార్యకర్తకు మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను. వారిని అడగకుండా పేర్లు రాయడం సబబు కాదు కాబట్టి రాయడం లేదు. అయితే వారు చేసిన పని ఎటువంటిదో కాస్త వివరంగా రాస్తే, తగ్గని బిళ్లలతోనో, వారాల తరబడి వదలని జ్వరంతోనో ఉన్న పిల్లలను వెంటబెట్టుకుని తిరుగుతున్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం ఇంత పొడవుగా రాస్తున్నాను.

పాపకు దగ్గు లేదు. ఛాతీ ఎక్స్‌రేలో ఏ దోషమూ కనిపించలేదు. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా మచ్చ భుజం మీద స్పష్టంగానే ఉంది. సాయంత్రం పూట ఒళ్లు కాస్త వెచ్చబడటం, అన్నం సరిగా తినకపోవడం, బరువు పెరగకపోవడం, యాంటీబయాటిక్ మందులు వాడినా బిళ్లలు కరగకపోగా ఒకదానితో ఒకటి అతుక్కుని ముద్దకట్టడం, ఇవే మాకు కనిపించిన లక్షణాలు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండగా టీబీ ఎలా వస్తుందని మా ఇంట్లో అందరూ అడిగిన ప్రశ్నకు వైద్యురాలు గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ జవాబు చెప్పారు. టీబీ క్రిమి శ్వాసతోపాటు ఊపిరితిత్తుల్లోకే ప్రవేశిస్తుందని, అక్కడ పెద్దగా గాయం చేయకుండానే లింఫ్ నాళాల గుండానో రక్తం గుండానో వేరే చోటికి చేరగలదని, మెడలోని గ్రంథులు, ఊపిరితిత్తుల పైపొర, పేగులు, వెన్నుపూసలు, కీళ్లు, మూత్రపిండాలు, మెదడు పొరలు, ఏవీ దానికి అందనివి కావని వివరించారు. మన దేశంలో నమోదవుతున్న టీబీ కేసుల్లో సుమారు ఐదింట ఒకటి ఊపిరితిత్తుల వెలుపలిదేనని, అందులోనూ లింఫ్ గ్రంథులకు వచ్చేదే అన్నిటికన్నా ఎక్కువని ఆమె చెప్పిన తరువాతే మా పాపకు వచ్చినది ఎక్కడా వినని వింత జబ్బు కాదని మాకు ధైర్యం కలిగింది. బీసీజీ గురించి కూడా ఆమె చెప్పిన మాట ఇక్కడ రాయాలి. ఆ టీకా చిన్నపిల్లలను మెదడు పొరల టీబీ నుంచి, ఒళ్లంతా పాకే మిలియరీ టీబీ నుంచి చాలావరకు కాపాడుతుంది. అంతమాత్రాన మచ్చ ఉన్న బిడ్డకు టీబీ రాదని అనుకోకూడదు.

మేము అందరికన్నా ఎక్కువగా రుణపడి ఉన్నది ఊహ మీద మందులు మొదలుపెట్టకుండా, గ్రంథిలోని కణజాలాన్నే సాక్ష్యంగా అడిగిన వారి పట్టుదలకు. ఒక రక్తపరీక్ష చేసి తేల్చేయకూడదా, చిన్నపిల్లకు సూదులూ కత్తులూ ఎందుకని మా బంధువులు అడిగారు. రక్తంలోని యాంటీబాడీలను చూసి టీబీ ఉందో లేదో చెప్పే పరీక్షలు నమ్మదగినవి కావని 2012లోనే మన ప్రభుత్వం వాటిని నిషేధించిందని, ఎర్ర రక్తకణాలు ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చూసే ఈఎస్ఆర్ పెరగడం ఏ వాపులోనైనా జరిగేదేనని వైద్యులు ఓపికగా చెప్పారు. ముంజేతి మీద చేసిన మాంటూ పరీక్షలో వాపు 10 మిల్లీమీటర్లు దాటినప్పుడు కూడా, అది క్రిమి ఒంట్లో ప్రవేశించిందని మాత్రమే చెబుతుందని, జబ్బు చేసిందో లేదో చెప్పదని, పోషణ తక్కువైన పిల్లల్లో జబ్బు ఉన్నా ఆ వాపు రాకపోవచ్చని కూడా ముందే హెచ్చరించారు. ఒక్కొక్క పరీక్ష దేనికి పనికివస్తుందో చెప్పడంతో ఆగకుండా, దేనికి పనికిరాదో కూడా చెప్పే వైద్యులు దొరకడం మా అదృష్టం.

మొదట సన్నని సూదితో గ్రంథిలోంచి కాస్త ద్రవం తీసి చూశారు. దానితో తేలలేదు. తరువాత చిన్న శస్త్రచికిత్స చేసి ఒక గ్రంథిని తీశారు. ఆ గ్రంథిని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను ఫార్మలిన్‌లో వేసి, కణజాలాన్ని పరిశీలించే పాథాలజీకి, రెండవ ముక్కను శుభ్రమైన సెలైన్‌లో ఉంచి, క్రిములను పరీక్షించే మైక్రోబయాలజీకి పంపారు. చూడటానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, మా పాప రోగనిర్ధారణ అంతా దీనిమీదే నిలబడింది. ఫార్మలిన్ కణజాలం చెడిపోకుండా కాపాడుతుంది గాని క్రిములను చంపేస్తుంది. ముక్క మొత్తం అందులో వేసేస్తే ఇక ఆ నమూనాలోంచి క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు దారి మూసుకుపోతుంది. ఆపరేషన్ గదిలోకి సెలైన్ సీసా ముందుగానే వెళ్లిందో లేదో అని పీజీ డాక్టరు గారు ఒకటికి రెండుసార్లు కనుక్కోవడం నేను స్వయంగా చూశాను. గ్రంథి తీయించవలసి వచ్చిన ప్రతి తల్లీతండ్రీ, నమూనాలో కొంత సెలైన్‌లో కూడా పంపుతున్నారా అని మర్యాదగా ఒక్కమాట అడగడం మంచిదని నా అభిప్రాయం.

పాథాలజీ వారి నివేదికలో గ్రాన్యులోమాలు, అంటే రక్షణ కణాలు గుమిగూడి కట్టిన చిన్న ముద్దలు ఉన్నాయని, వాటి నడుమ కణజాలం చనిపోయి జున్నులా మారిందని రాశారు. అది టీబీవైపు గట్టిగా చూపే గుర్తే అయినా, క్రిమిని చూసినట్టు కాదు. మామూలు సూక్ష్మదర్శినిలో క్రిమి కనబడాలంటే మిల్లీలీటరు నమూనాలో సుమారు 10,000 క్రిములైనా ఉండాలట. గ్రంథుల్లోనూ, పిల్లల శరీరంలోనూ అవి అంత సంఖ్యలో ఉండవు. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ యంత్రం సుమారు 130 ఉన్నా పట్టుకోగలదు, రెండు గంటల్లోనే ఫలితం ఇస్తుంది, టీబీకి వాడే ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా అదే పరీక్షలో తెలుస్తుంది. సెలైన్‌లో పంపిన ముక్కలో ఆ యంత్రం టీబీ క్రిమిని గుర్తించింది, రిఫాంపిసిన్‌కు నిరోధం లేదని కూడా చెప్పింది. అయినా కల్చర్‌ను ఆపలేదు. ద్రవ మాధ్యమంలో క్రిమి పెరగలేదని చెప్పడానికి 42 రోజులు ఎదురుచూడాలని ముందే చెప్పి, ఈలోగా మందులు మొదలుపెట్టారు.

అదే వార్డులో మా పక్క మంచం మీద ఒక పసివాడు ఉండేవాడు. రోజుల తరబడి జ్వరం, వాంతులు, ఆపలేని చిరాకు, తరువాత మత్తు. వెన్నులోంచి నీరు తీయాలనేసరికి ఆ తల్లి, కాళ్లు చచ్చుబడతాయేమోనన్న భయంతో ఒప్పుకోలేకపోయింది. వెన్నుపాము పైనే ముగిసిపోతుందని, సూది గుచ్చేది దానికి దిగువన ద్రవం మాత్రమే ఉండే చోటనని, ఆ ద్రవంలో గ్లూకోజు తగ్గి ప్రోటీన్లు పెరిగాయేమో చూస్తేనే మెదడు పొరల టీబీని పసిగట్టగలమని నర్సు గారు ఆమె పక్కనే కూర్చుని నచ్చజెప్పారు. ఆ జబ్బులో సీబీనాట్‌లో ఏమీ కనబడకపోయినా టీబీ లేదని కొట్టిపారేయడానికి వీల్లేదని, ఆలస్యమైన ప్రతి రోజూ మెదడుకు నష్టమేనని, అందుకే కల్చర్ కోసం ఆగకుండా మందులు, వాటితోపాటు స్టెరాయిడ్లు మొదలుపెడతారని, ఆ చికిత్స కనీసం ఏడాది సాగుతుందని మాకు కూడా అప్పుడే తెలిసింది. మా పాప విషయంలో సాక్ష్యం దొరికేదాకా ఆగిన వైద్యులే ఆ బిడ్డ విషయంలో ఆగకపోవడం చూసినప్పుడు, జాగ్రత్త అనేది ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదని నాకు అర్థమైంది. ఆ నర్సు గారికి ఆ తల్లి తరఫున కూడా ఇక్కడే నమస్కరిస్తున్నాను.

చికిత్స మొదలైన తరువాత మా ఇంటికి వచ్చిన సూపర్‌వైజర్ గారు, ఏఎన్ఎం గారు చేసిన మేలు ఇంకొక ఎత్తు. చిన్నపిల్లకు టీబీ వచ్చిందంటే ఆ క్రిమిని చుట్టుపక్కల పెద్దవారు ఎవరో ఇచ్చినట్టేనని, ఆ మనిషిని కనుక్కోకపోతే పని సగమే అయినట్టని వారు చెప్పి, ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా ప్రశ్నించారు. నెలల తరబడి దగ్గుతున్న మా మామగారు అది చుట్ట అలవాటు వల్ల వచ్చే ఆయాసమేనని చెబుతూ వచ్చారు. ఆయన కళ్లె పరీక్షలో టీబీ బయటపడింది. ఇంటి పెద్దకు ఈ మాట చెప్పవలసి వచ్చినప్పుడు ఏఎన్ఎం గారు, మనవరాలికి జబ్బు అంటించానన్న బాధ ఆయన మనసులో నాటుకోకుండా, ఇది ఎవరి తప్పూ కాదని, ఇద్దరూ మందులు వాడి ఇద్దరూ బాగుపడతారని ఎంతో గౌరవంగా చెప్పారు. ఆ సంస్కారాన్ని మేము మరచిపోలేము.

రెండేళ్ల మా బాబుకు కాస్త దగ్గు ఉండటంతో వాడిని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. అంత చిన్నవాళ్లు కళ్లెను ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకని తెల్లవారుజామున పరగడుపున ముక్కు గుండా సన్నని గొట్టం వేసి, కడుపులోని ద్రవాన్ని తీసి పరీక్షించారు. జబ్బు లేదని తేలిన తరువాతే, అది రాకుండా ఆరు నెలలపాటు ఐసోనియాజిడ్ అనే టీబీ మందు ఇచ్చారు. జబ్బు ఉన్న బిడ్డకు పొరపాటున ఆ ఒక్క మందే ఇస్తే క్రిమి దానికి లొంగకుండా తయారవుతుంది కాబట్టి ముందుగా ఈ పరీక్ష తప్పదని వారు చెప్పిన కారణం విన్న తరువాత, వాడి ఏడుపు చూసి కలిగిన బెంగను ఓర్చుకోగలిగాము.

పాప మందుల గురించి ఎక్కువ రాయవలసినది లేదు. బరువును బట్టి లెక్కకట్టి ఇచ్చిన, నీళ్లలో కరిగే మాత్రలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు. మూత్రం నారింజ రంగులో వస్తుందని, భయపడవద్దని ముందే చెప్పారు. ఒక సంగతి మాత్రం తప్పక చెప్పాలి. రెండవ నెలలో మెడలోని వాపు తగ్గకపోగా పెరిగింది, పక్కన కొత్త గ్రంథి ఒకటి తేలింది. మందు పనిచేస్తున్నప్పుడు కూడా చనిపోయిన క్రిములకు శరీరం చూపే ప్రతిస్పందన వల్ల కొందరిలో అలా జరుగుతుందని, అయినా ఒకసారి తీసుకొచ్చి చూపించమని వైద్యురాలు గారు మొదటి రోజే చెప్పి ఉండటంతో మేము కంగారుపడి మందులు మానలేదు, వేరే చోటికి పరుగెత్తలేదు. ఆమె బరువు చూశారు, ఆకలి గురించి అడిగారు, కల్చర్ నివేదిక మరోసారి తిరగేశారు, అవే మందులు కొనసాగించమన్నారు. ఆ తరువాత కొన్ని వారాలకు వాపు తగ్గడం మొదలైంది.

గ్రంథుల టీబీ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని తెలుసుకుని, పాపను తోటి పిల్లల మధ్యనే కూర్చోబెట్టిన మా బడి హెడ్మాస్టరు గారికి, మందులు అయిపోకముందే తెచ్చి ఇచ్చిన ఆశా అక్కకు, పోషణ కోసం నెలకు 1000 రూపాయలు నా ఖాతాలో పడేలా టీబీ రోగుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో వివరాలు సరిచేయించిన సూపర్‌వైజర్ గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. చికిత్స ముగిసిన తరువాత కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి పాపను చూపించమన్నారు, తప్పక చూపిస్తాము. మా మామగారి మందులు కూడా పూర్తయ్యాయి, చివరి కళ్లె పరీక్షలో క్రిమి లేదని వచ్చింది. ఆ నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించిన టెక్నీషియన్లను మేము ఒక్కసారి కూడా చూడలేదు. ఈ ఉత్తరం ప్రతిని వారి విభాగానికి కూడా పంపుతున్నాను.